గాలికి వీపు పెట్టి...

అక్టోబరు వచ్చిందంటే ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు మబ్బుల సంగతి తేలాలి. బంగాళాఖాతంలో ఏ మూలన ఏ మబ్బు ముద్ద కట్టిందో చూడనిదే ఆ మాస్టారికి తెల్లారదు. ఆ అలవాటు వెనక ఓ సాయంత్రం ఉంది. ఓ తమ్ముడున్నాడు.

ఉదయం ఐదు గంటలు. గుడివాడలో ఆ వీధిలోకి పాలవాడు ఇంకా రాలేదు. చివరి పెంకుటింట్లో మాత్రం దీపం వెలిగింది. ఉద్యోగ విరమణ చేసిన సైన్సు మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, సెల్‌ఫోన్ అందుకుని ఉపగ్రహం పంపిన తాజా చిత్రం తెరిచారు. కింద శ్రీలంక. కుడివైపున అండమాన్ దీవులు. వాటికి అవతల థాయ్‌లాండ్, మలేసియా. మధ్యలో మన బంగాళాఖాతం. అందులో ఎక్కడైనా తెల్లటి మచ్చ ఉందా? నిన్నటి కన్నా పెద్దదైందా? ఇటు జరిగిందా, అక్కడే కరిగిపోయిందా?

‘లేవగానే దేవుడి పటం చూడండి అంటే మబ్బుల పటం చూస్తారేంటండీ!’ అని వంటింట్లోంచి ఇల్లాలి విసుగు. ఆ విసుగు ఇవాళ్టిది కాదు. పెళ్లైన ఏడాది నుంచీ ఉంది. అప్పట్లో సెల్‌ఫోన్ లేదు. రేడియో ఉండేది. ప్రాంతీయ వార్తల్లో వాతావరణ విశేషాలు వచ్చే వేళకి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పిల్లలు ఏడ్చినా సరే, బయటికి తీసుకెళ్లాల్సిందే.

చిత్రం చూశాక మాస్టారు పెరట్లోకి వెళ్తారు. కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తారు. తర్వాత ఓ నోటు పుస్తకం తీస్తారు. పేజీకి నాలుగు గళ్లు. తేదీ. గాలి ఎటునుంచి. ఆకాశం ఎలా ఉంది. సముద్రంలో ఏముంది. నాలుగో గడిలో ఎక్కువ రోజులు రెండే మాటలు కనిపిస్తాయి... ‘ఏమీ లేదు’.

అలాంటి పుస్తకాలు బీరువాలో ఓ అర నిండా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలలవి కొన్ని. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ రాసినవి మిగతావన్నీ. బంగాళాఖాతంలో తుపాన్ల కాలాలు ఆ రెండే కదా! నైరుతి రుతుపవనాలు రాకముందు ఒకటి, అవి వెనక్కి మళ్లాక ఇంకొకటి.

గాలిలోనూ అలలుంటాయి!

‘మాస్టారూ, తుపాను ఎక్కడ పుడుతుందండీ?’ అని టీ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే ఆయన నేరుగా సమాధానం చెప్పరు. ‘మీ ఇంట్లో దండెం తాడు ఉంది కదా. ఓ చివర పట్టుకుని ఊపండి. తాడు ఎక్కడిదక్కడే ఉంటుంది. వంపు మాత్రం రెండో చివరకు పాకుతూ పోతుంది. గాలిలోనూ అంతే’ అంటారు.

భూమధ్యరేఖకు కాస్త ఎగువన గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తుంటాయి. ఆ ప్రవాహంలో ఒక్కోసారి వంపు పుడుతుంది. వాతావరణ శాస్త్రవేత్తలు దాన్ని తూర్పు అల అంటారు. కంటికి కనిపించదు. నీళ్లలో ఉండదు. కానీ ఆ వంపు దగ్గర గాలులు ఒకచోటికి చేరి పైకి లేస్తాయి. ఉరుములతో మబ్బులు కమ్ముతాయి. అలా మబ్బుల్ని మోసుకుంటూ అల పడమటికి నడుస్తుంది. అట్లాంటిక్ మహాసముద్రంలోనైతే ఆఫ్రికా వైపు నుంచి మూడు నాలుగు రోజులకొకటి చొప్పున, ఏడాదికి సుమారు 60 అలలు బయల్దేరతాయి. అమెరికాలోని మయామీలో ఉన్న హరికేన్ కేంద్రం వాళ్లు వాటిని ఒక్కొక్కటిగా వెంటాడుతూ కూర్చుంటారు. వాటిలో తుపానుగా మారేవి కొన్నే. మిగతావి వాన కురిపించి వెళ్లిపోతాయి.

మనకు ఆ అలలు తూర్పున దక్షిణ చైనా సముద్రం వైపు నుంచి వస్తాయి. అక్కడ బలహీనపడిన తుపాను శేషమో, ఓ మబ్బుల గుంపో థాయ్‌లాండ్, మలేసియాల సన్నటి నేలను దాటి అండమాన్ సముద్రంలోకి జారుతుంది. మళ్లీ వెచ్చటి నీళ్లు దొరికితే ప్రాణం పోసుకుంటుంది. 1989 నవంబరులో వచ్చిన ‘గే’ తుపాను మరీ గట్టిది. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది. తుపానుగానే నేలను దాటింది. బంగాళాఖాతమంతా ఈది నవంబరు 9న నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరాన్ని తాకింది. అన్నీ అలా బయటినుంచే రావు. మన సముద్రంలోనే అల్పపీడన ద్రోణిలో పుట్టేవీ బోలెడు.

పుట్టిన ప్రతి మబ్బు ముద్దా తుపాను కాదు. దానికి ఇంత సరంజామా కావాలి... సముద్రం ఉపరితలం సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్ కన్నా వెచ్చగా ఉండాలి. గాలిలో తేమ దండిగా ఉండాలి. భూభ్రమణం వల్ల గాలి సుడి తిరగాలంటే భూమధ్యరేఖకు కొంత దూరంగా ఉండాలి. అన్నిటికీ మించి, కింద గాలికీ పైగాలికీ పెద్ద తేడా ఉండకూడదు. ‘పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే ఫ్యాను వేశామనుకోండి. ఆవిరి నిటారుగా లేస్తుందా? చెదిరిపోతుంది. ఇదీ అంతే’ అంటారు మాస్టారు. అన్నీ కుదిరితే అల్పపీడనం వాయుగుండమవుతుంది. ఆనక తీవ్ర వాయుగుండం. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే దాన్ని తుపాను అంటారు. అప్పుడే పేరు పెడతారు. మన సముద్రాల్లో తుపాన్లకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది.

మాస్టారి జీవితాన్ని మార్చిన తుపానుకు పేరు లేదు. దివిసీమ దానికి తనే ఓ పేరు పెట్టుకుంది... ఉప్పెన!

ఆ శనివారం...

1977 నవంబరు 19. నాగాయలంక వైపు సముద్రానికి దగ్గరగా ఓ పల్లె. అతనికి పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి. తమ్ముడికి పదేళ్లు. చెల్లెలికి ఆరు.

ముందు వారమే ఒక తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. దాని వెనకే అండమాన్ దీవుల దిగువన పుట్టిన మరొకటి పడమటికి కదిలి, తర్వాత మన తీరం వైపు తిరిగింది. తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. ఊరి రేడియో దగ్గర విని పరిగెత్తుకెళ్లి తండ్రికి చెప్పింది ఈ కుర్రాడే. ఆయన చేలో ఉన్నారు. వరి కోతకొచ్చింది. తలెత్తి ఆకాశం చూసి ఒకే మాటన్నారు... ‘ఏటా వచ్చేదేగా!’

ఆ మాటలో నిర్లక్ష్యం లేదు. గాలీవానా దివిసీమకు కొత్తా? ఇల్లు ఎగిరిపోతుందని తెలుసు, చెట్లు కూలతాయని తెలుసు. సముద్రం లేచి ఊళ్ల మీదకు నడిచొస్తుందని ఎవరనుకుంటారు!

పొద్దున గాలి ఈశాన్యం నుంచి వీచింది. మధ్యాహ్నానికి తూర్పుకు తిరిగింది. కప్పు మీద గడ్డి ఎటు ఎగురుతోందో ఆ పిల్లాడు చూస్తూనే ఉన్నాడు. తర్వాత గాలి ఆగ్నేయానికి తిరిగింది. సముద్రం అటే ఉంది. గాలి అటు తిరిగిన తర్వాత ఓ హోరు వినిపించింది. నల్లటి నీటి గోడ కనిపించింది. తండ్రి గొడ్ల కట్లు విప్పడానికి పాక వైపు పరిగెత్తారు. మళ్లీ కనిపించలేదు. చెల్లెలు నాయనమ్మ ఒళ్లో ఉంది. ఆ ఇద్దరూ కూడా. తల్లి ఇద్దరు మగపిల్లల్నీ తాటిచెట్టు దగ్గరికి తోసింది. చీర కొంగుతో చిన్నవాణ్ని చెట్టుకు కట్టింది. ఆ రాత్రంతా అన్న ఆ ముడిని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

తెల్లారాక వాళ్లు చూసినదాన్ని ఆయన ఎవరికీ వివరంగా చెప్పరు. పిల్లలు అడిగినా ‘నీళ్లు తీసేశాయి’ అని ఊరుకుంటారు. ఆ ఉప్పెనలో దివిసీమలో సుమారు పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకన్నా చాలా ఎక్కువేనని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇంటికొకరు కాదు, ఇళ్లకు ఇళ్లే పోయాయి. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచింది. అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో నిలబెట్టిన స్మారక స్తూపం ఆ రోజుకు గుర్తు.

ఎడమచేతి లెక్క

తర్వాత చాలా ఏళ్లకు, బీఎస్సీ చదువుతుండగా గ్రంథాలయంలో ఓ పుస్తకంలో ఆయనకు ఒక వాక్యం కనిపించింది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం మన ఎడమచేతి వైపు ఉంటుంది! డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ప్రకటించిన సూత్రమది. డచ్చివాళ్లు ఒకప్పుడు మన బందరులో వ్యాపారం చేసినవాళ్లే. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

ఆయన పుస్తకం మూసి, కళ్లు మూసుకుని ఆ శనివారంలోకి వెళ్లారు. పొద్దున ఈశాన్యం గాలి. దానికి వీపు పెడితే ఎడమచేయి ఆగ్నేయానికి చూపిస్తుంది. అంటే తుపాను అప్పుడు సముద్రంలో ఉంది. తూర్పు గాలికి వీపు పెడితే ఎడమచేయి దక్షిణానికి. ఆగ్నేయం గాలికి వీపు పెడితే ఎడమచేయి నైరుతికి. దాదాపు అటువైపు ఏముంది? చీరాల ఉంది! తుపాను తీరం దాటింది చీరాల దగ్గరే.

చీరాల దగ్గర దాటిన తుపాను దివిసీమను ఎందుకు ముంచింది? మన వైపు తుపాను గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కాబట్టి అది నడిచే దారికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదకు వీస్తుంది. నీటిని తోసుకొస్తుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. తోసుకొచ్చిన నీటికి వెళ్లడానికి వేరే దారి లేదు. ఎడమవైపున అయితే గాలి నేల నుంచి సముద్రం మీదకు పోతుంది. అక్కడ ఉప్పెన భయం తక్కువ. కుడివైపా, ఎడమవైపా... దివిసీమకు ఆ రోజు తేడా అదే.

‘ఆ ఒక్క వాక్యం పద్నాలుగేళ్లప్పుడు తెలిసుంటే మధ్యాహ్నమే అందర్నీ లాక్కుపోయేవాణ్ని’ అని ఆయన ఒక్కసారే, భార్యతో అన్నారు. అందుకే బడిలో చేరిన మొదటి ఏడాదే పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్లి గాలికి వీపు పెట్టి నిలబెట్టారు. పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకపోయినా ఏటా ఆ పాఠం చెప్పారు.

బందరు నేర్పిన పాఠం

దివిసీమ కన్నా ముందే ఈ దెబ్బ తిన్న ఊరు మచిలీపట్నం. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 30 వేల మంది చనిపోయారు. దానికి దాదాపు నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తాను మరో తుపాను ముంచింది. ఓడలు, రేవులు, మనుషులు అన్నీ పోయాక గానీ ప్రభుత్వానికి ముందే చెప్పే ఏర్పాటు ఉండాలని తట్టలేదు. మర్నాటి ఏడాది కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. కరవులూ తోడై, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అంటే, ఇవాళ మనం టీవీలో వినే వాయుగుండం కబురు వెనక ఎక్కడో బందరు ఘోష కూడా ఉంది.

‘సైక్లోన్’ అన్న మాటను తయారు చేసిందీ ఈ సముద్రాన్ని చూసినాయనే. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ గోదావరి తీరంలోని కోరంగిని దెబ్బతీసిన తుపాన్ల గురించీ రాశారు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి 1840ల్లో ఆ పేరు పెట్టారు.

ఇప్పుడు మచిలీపట్నంలో డాప్లర్ రాడారు ఉంది. వందల కిలోమీటర్ల దూరంలోని మబ్బుల్లో వాన ఎంతుందో, గాలి ఎటు తిరుగుతోందో చెబుతుంది. విశాఖపట్నంలో 1974 నుంచి తుపాను హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. ఆకాశంలో ఇన్‌శాట్ ఉపగ్రహాలున్నాయి. ఢిల్లీ నుంచి వాతావరణ శాఖ రోజూ బంగాళాఖాతం ఎలా ఉందో చెబుతుంది. తుపాను పుట్టే అవకాశం లేదనో, తక్కువనో, ఓ మాదిరనో, ఎక్కువనో అంచనా ఇస్తుంది. రేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద సూచికలున్నాయి. పదకొండో నెంబరుకు అర్థం తెలుసా? హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని!

వీటి విలువ 1990లో తెలిసింది. మే 9న మహా తుపాను సరిగ్గా కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. బలంలో 1977 దానికి తీసిపోదు. అయితే రోజుల ముందే తెలిసింది. లక్షల మందిని ఖాళీ చేయించారు. పోయినవాళ్లు దాదాపు వెయ్యి మంది. వెయ్యి మంది తక్కువ కాదు. కానీ పదమూడేళ్ల కిందటి లెక్కతో పోల్చితే ఎన్ని ఇళ్లలో దీపాలు మిగిలాయో అర్థమవుతుంది. అప్పటికి మాస్టారు ఉద్యోగంలో కుదురుకున్నారు. తల్లినీ తమ్ముణ్నీ తెచ్చి గుడివాడలో పెట్టుకున్నారు. గాలి తగ్గాక తమ్ముడు మళ్లీ ఊరికి వెళ్లిపోయాడు. ‘నాన్న పొలం అన్నయ్యా... ఎవరు చూస్తారు?’ అన్నాడు.

పులి రాని రోజు

2013 నవంబరు. కోతల కాలం. 22న హెలెన్ తుపాను మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. పనలు నీళ్లలో నానుతున్నాయి. తేమకు గింజ మొలకెత్తకుండా ఉప్పు నీళ్లు చల్లుకుంటూ రైతులు అవస్థ పడుతున్నారు. అంతలోనే మరో కబురు. దక్షిణ చైనా సముద్రం వైపు నుంచి వచ్చిన ఓ అల్పపీడనం అండమాన్‌లను దాటి అతి తీవ్ర తుపానైంది. పేరు లెహర్. హిందీలో ఆ మాటకు అర్థం... అల!

మాస్టారికి నిద్ర పట్టలేదు. అదే నవంబరు. అదే వైపు. గురి మచిలీపట్నం పరిసరాలే. తమ్ముడికి ఫోన్ చేశారు. ‘ఒరేయ్, అన్నీ వదిలేసి వచ్చేయ్. ఇది నాన్న రోజు లాంటిదేరా. కచ్చితంగా వస్తుంది’ అన్నారు.

తమ్ముడు వచ్చాడు. తడిసిన ధాన్యం కళ్లంలోనే ఉంది. ఆరబెట్టే మనిషి లేడు. రొయ్యల చెరువు దగ్గర కాపలా లేదు. అందరూ గుడివాడలో టీవీ ముందు కూర్చున్నారు. 28న లెహర్ వచ్చింది... ఒట్టి వాయుగుండంగా! సముద్రం మీదే పైగాలులు దాన్ని చెదరగొట్టాయి. పొడిగాలి లోపలికి చొరబడింది. మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి అందులో సత్తువ లేదు. జనం దేవుడికి దండం పెట్టుకున్నారు.

తమ్ముడు పెట్టుకోలేదు. ఊరికి వెళ్లేసరికి ధాన్యం మొలకెత్తింది. చెరువు దగ్గర మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. ఫోన్‌లో మాట తూలాడు. ‘నీ మబ్బుల పిచ్చికి నా ఏడాది కష్టం పోయింది. ఇంక పిలవొద్దు. తుపానంటావా... ఏటా వచ్చేదేగా!’

అది తండ్రి మాట. అదే గొంతు. మాస్టారు ఫోన్ పెట్టేసి చాలాసేపు పెరట్లో నిలబడ్డారు.

తప్పు ఎవరిది? వాతావరణ శాఖదా? అది తను చూసింది చెప్పింది. బలహీనపడుతున్నకొద్దీ ఆ మాటా చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ఫైలిన్ తుపానుకు ఒడిశాలో లక్షల మందిని తరలించబట్టే, 1999లో అదే తీరంలో సుమారు పదివేల మందిని మింగిన లాంటి ఘోరం తప్పింది. హెచ్చరిక ఇవ్వడం తప్పని ఎవరనగలరు? తమ్ముడిదా? నష్టపోయినవాడికి కోపం రావడం తప్పెలా అవుతుంది? ఆలోచించగా ఆలోచించగా మాస్టారికి తన మాటే అడ్డు తగిలింది. ‘కచ్చితంగా వస్తుంది’ అన్నారు తను. వాతావరణ శాఖ కూడా అనని మాటది. తమ్ముణ్ని కదిలించాలన్న ఆత్రంలో తెలిసినదానికన్నా ఎక్కువ చెప్పారు. 1977 భయాన్ని 2013 మబ్బుకు అంటగట్టారు.

అన్నదమ్ములు పండక్కీ పబ్బానికీ కలుసుకుంటూనే ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, పండిన వరిని పడుకోబెట్టినప్పుడు కూడా ఇద్దరూ పంట గురించే మాట్లాడుకున్నారు. మబ్బుల ఊసు మాత్రం ఇద్దరి మధ్యా లేదు. పన్నెండేళ్లు!

ఈసారి ఫోన్ అటునుంచి...

2025 అక్టోబరు చివరి వారం. ఆగ్నేయ బంగాళాఖాతంలో వాయుగుండం. 27న అది తుపానైంది. థాయ్‌లాండ్ ఇచ్చిన పేరు... మొంథా. సువాసన గల పువ్వని అర్థం. మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ పరిసరాల్లో 28 రాత్రికి తీరం దాటుతుందని అంచనా.

ఆ ఉదయం మాస్టారి ఫోన్ మోగింది. తమ్ముడి కూతురు. పెళ్లయ్యాక బందరులో ఉంటోంది. ‘పెదనాన్నా, నాన్న మీతో మాట్లాడతారట. తనంతట తను చేయడానికి మొహమాటం. లైన్లో ఉన్నారు’ అంది. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

‘అన్నయ్యా... ఏమంటోంది?’

‘కాకినాడ వైపంటున్నార్రా.’

‘అయితే మనం ఎడమపక్కేగా! గాలి నేల మీదనుంచి సముద్రం మీదకు పోతుంది. ఉప్పెన రాదు. చిన్నప్పుడు నువ్వే నేర్పావు. ఉండిపోవచ్చా?’

మాస్టారికి గొంతు పట్టేసింది. వాడు మర్చిపోలేదు. గాలికి వీపు పెట్టడం వాడికింకా గుర్తుంది! లెక్క కూడా సరిగ్గానే చెప్పాడు. అవునంటే సరిపోతుంది. మరి అంచనా ఇటు జరిగితే? ఒక రోజు ముందు చెప్పిన చోటుకు కూడా కొన్ని పదుల కిలోమీటర్ల తేడా రావచ్చు. తుపాను దిగువకు వచ్చి దాటిందా, ఎడమపక్క కాస్తా కుడిపక్క అవుతుంది. వద్దంటే? మళ్లీ పంట, మళ్లీ మోటారు... మళ్లీ పన్నెండేళ్లు.

ఈసారి ఆయన తెలిసినంతే చెప్పారు. ‘నువ్వన్నది నిజమేరా. మన మీదకు రాకపోవచ్చు. రాదనే అనుకుంటున్నా. కానీ అది ఇటు జరగదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఒక్క రాత్రి. ఇవాళే మోటారు విప్పి బందరు పంపించెయ్. ధాన్యం ఉంటే పట్టాలు కప్పు. మరదల్ని తీసుకుని అమ్మాయింటికి వెళ్లు. ఏమీ రాకపోతే నన్ను తిట్టుకో. పడతాను.’

అటునుంచి చిన్న నవ్వు. ‘2013లో ఈ మాట అనుంటే అన్నం తింటూ వచ్చేవాణ్ని గదా అన్నయ్యా! వస్తుందన్నావు, రాలేదు. అందుకే మండింది. రాకపోవచ్చు, అయినా వెళ్లమంటున్నావు... వెళ్తాను.’

వెళ్తూ వెళ్తూ పక్కింటి ముసలాళ్లిద్దర్నీ ఆటో ఎక్కించాడట. ఎందుకంటే, ‘మా అన్నయ్యకు కూడా తెలీదంట. అందుకే వెళ్తున్నాం’ అని చెప్పాడట. ఆ మాట తర్వాత మరదలే ఫోన్ చేసి చెప్పింది. ‘ఆయన అన్నట్టే చెబుతున్నా బావగారూ, తప్పుగా అనుకోకండి’ అని నవ్వింది.

28 అర్ధరాత్రి ప్రాంతంలో మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అంచనా వేసిన వైపే వెళ్లింది. కానీ మచిలీపట్నానికి నరసాపురం ఎంత దూరం! దివిసీమకు ఎడమపక్కే మిగిలింది. సముద్రం ఊరి మీదకు రాలేదు. గాలికి చెట్లు పడ్డాయి. కరెంటు పోయింది. పాలుపోసుకుంటున్న వరి చాలాచోట్ల నేలకొరిగింది. పశువుల పాక రేకులు రెండు ఎగిరిపోయాయి. మనుషులందరూ ఉన్నారు. మోటారు కూడా ఉంది.

మూడో రోజు అన్నదమ్ములిద్దరూ పడిపోయిన చేలో నిలబడ్డారు. నిలిచిన నీళ్లు బయటికి పోయేందుకు గట్టు తెగ్గొట్టారు. నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టారు. ఆ చేలోనే ఒకప్పుడు తండ్రి తలెత్తి ఆకాశం చూశారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. వెళ్లేముందు తమ్ముడు మాత్రం, ‘రోజూ పొద్దున్నే ఆ బొమ్మ నాక్కూడా పంపించు అన్నయ్యా. నేనూ చూస్తా’ అన్నాడు.

ఇప్పుడు ఆ పెంకుటింట్లో ఇల్లాలికి విసుక్కోవడానికి ఇద్దరు దొరికారు. తెల్లవారకముందే బొమ్మ అవనిగడ్డ దాటి పల్లెకు వెళ్తుంది. అటునుంచి గాలి కబురు వస్తుంది. ‘ఇక్కడ ఉత్తరం గాలి. ఆకాశం తెరిపి.’ గుడివాడ గాలి పక్కన పల్లె గాలిని రాసుకోవడానికి మాస్టారు పుస్తకంలో కొత్తగా అయిదో గడి గీశారు.

నవంబరు 19 ఉదయం కూడా ఆ గడులన్నీ నిండాయి. సముద్రంలో ఏముందన్న చోట మాస్టారు ఎప్పుడూ రాసే రెండు మాటలే రాశారు. బయటివాళ్లకు అది ఏ విశేషమూ లేని రోజు. ఆ ఇద్దరన్నదమ్ములకు మాత్రం అంతకన్నా మంచి కబురు ఇంకొకటి ఉండదు... ‘ఏమీ లేదు’.